గళ్ళ నుడికట్టులలో కావ్యనాయికల నామములు

పత్రికలలో వారము వారము వెలువడు గళ్ళ నుడికట్టులను విడువక పూరించువారికి ఒక సంగతి త్వరలోనే తెలియవచ్చును. కావ్యములు చదువువారు తగ్గుచున్నను, కావ్యనాయికల పేర్లు మాత్రము గళ్ళలో తగ్గుట లేదు. దమయంతి, వరూధిని, శకుంతల, సత్యభామ, గిరిక, మధురవాణి మొదలగువారు నేడు తరగతి గదిలో కన్న పత్రికల చివరి పుటలలోనే ఎక్కువగా సంచరించుచున్నారు. దీనికి సంతోషింపవలెనా, విచారింపవలెనా అను ప్రశ్న తెలుగునాట నున్నవారికి ఒక వినోదపు ప్రశ్న కావచ్చును. తెలుగునాటికి వెలుపల తరతరములుగా స్థిరపడినవారికి అట్లు కాదు. 2006వ సంవత్సరపు శాసనము ననుసరించి తమిళనాట తమిళము క్రమక్రమముగా నిర్బంధ పాఠ్యమైన పిదప, అల్పసంఖ్యాక భాషల బడులలో తెలుగునకు మిగిలిన కాలము పరిమితము. ఆ కొద్ది కాలములో వసుచరిత్రమును గాని కళాపూర్ణోదయమును గాని పిల్లల ముందుంచుటకు వీలు పడదు. అట్టి పిల్లవానికి గిరిక యను పేరు జీవితములో ఒకే ఒక్కచోట ఎదురుపడవచ్చును; అది మూడు గళ్ళ వరుస. ఆ మూడు గళ్ళు వానికి ఏమి చెప్పుచున్నవో విచారించుటయే ఈ వ్యాసమున నా పని.

ఈ క్రీడ మనది కాదు. 1913 డిసెంబరు 21వ తేదీన న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ అను నతడు మొదటి గళ్ళ పటమును ప్రకటించెను. అయినను ప్రహేళిక యను మాట మనకు కొత్త కాదు. దండి తన కావ్యాదర్శమున పదునారు విధముల ప్రహేళికలను పేర్కొనెను. పల్లెలలో పొడుపు కథలు ఉండనే యున్నవి. తెలుగు పత్రికలు ఈ పాశ్చాత్య క్రీడను స్వీకరించినపుడు దానికి పదబంధ ప్రహేళిక యనియు, గళ్ళ నుడికట్టు అనియు చక్కని పేర్లు పెట్టుకొన్నవి. శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులే వీనిని కూర్చుటకు పూనుకొనిరి. కవులు చేయి పెట్టిన పని గనుక దీనిని గూర్చి సాహిత్య విమర్శ చేయుట మర్యాదకు లోపము కాదని తలచెదను.

ఆంగ్లమున ఒక గడిలో ఒక వర్ణము పట్టును. తెలుగున ఒక గడిలో ఒక అక్షరము, అనగా గుణింతముతోను వత్తులతోను నిండుసున్నతోను కూడిన అక్షరము పట్టును. అన్ని విశేషములకు మూలము ఇదియే. అడ్డము పేరు నిలువు పేరును ఖండింపవలెనన్న, రెంటిలోను ఆ అక్షరము సర్వవిధముల ఒక్కటియే కావలెను. ‘ర’ ఉన్నచోట ‘రా’ పనికిరాదు. కావున కూర్పరి నిఘంటువును అర్థమునకై కాక ఆకారమునకై వెదకును. అట్లు వెదకినపుడు అతని చేతికి ముందుగా తగులునవి స్త్రీల పేర్లు.

ఏలయన, పురుషుల పేర్లకు తెలుగున స్థిరత్వము లేదు. నల శబ్దము తెలుగు వాక్యములో నలుడగును; ప్రవర శబ్దము ప్రవరుడగును. గడిలో ‘నల’ అని రెండక్షరములు వ్రాయవలెనా, ‘నలుడు’ అని మూడు వ్రాయవలెనా యన్నది కూర్పరి అవసరమును బట్టి మారుచుండును. మరునాడు సమాధానములు చూచినవారు పెదవి విరుతురు. వస్తువుల పేర్లకు ఇంకొక చిక్కు: స్వయంవరము అన్న ఐదు గళ్ళు, స్వయంవరం అన్న నాలుగు. దమయంతికి ఈ బాధ లేదు. ఆమెకు డుప్రత్యయము లేదు, మువర్ణకము లేదు. ఎవరు వ్రాసినను ఆమె నాలుగు గళ్ళే. ఇంకొక మాట. ‘కృష్ణ’ అని రెండు గళ్ళిచ్చి దేవకీనందనుని ఆధారముగా చూపుట కద్దు. డుప్రత్యయము లేని కృష్ణ యనగా వ్యాకరణరీత్యా నది కావలెను, లేక ద్రౌపది కావలెను.

తత్సమ స్త్రీలింగ శబ్దముల తుది దీర్ఘము తెలుగున హ్రస్వమగునని చిన్నయసూరి బాలవ్యాకరణము మొదలు అన్ని వ్యాకరణములు చెప్పును. సీతా శబ్దము సీత, దమయంతీ శబ్దము దమయంతి. ఇది గళ్ళవారికి మహోపకారము. తుది గడిలో ‘తా’కు బదులు ‘త’ ఉండుటచే దానిని ఖండింపగల మాటలు ఎన్నియో దొరకును. మన పిల్లలు పెరుగు పరిసర భాషలలో ఈ తుది అక్షరమే మారిపోవుచుండుట గమనింపదగినది. కన్నడమున ఆమె సీతె, శకుంతలె. తమిళమున సీదై, శకుందలై. మరాఠీ, ఒడియా భాషలలో సంస్కృతమందలి దీర్ఘమే నిలిచి సీతా యగును. నాలుగు ప్రాంతముల మన పిల్లలు ఒకే ఆధారమునకు నాలుగు విధములుగా తుదిగడి నింపుటకు అవకాశమున్నది. అది తప్పు కాదు. ఇరుగుపొరుగు భాషల చెలిమి. ఉపాధ్యాయుడు ఆ తుదిగడిని చూపి, ఒకే ఆకారాంత శబ్దము ఏ భాషలో ఏ రూపము దాల్చెనో చెప్పిన యెడల, ఆ ఒక్క గడిలో ఒక వ్యాకరణ పాఠమంత విషయమున్నది.

తమిళపు గళ్ళతో పోల్చినపుడు భేదము మరింత స్పష్టము. తమిళ లిపిలో సంయుక్తాక్షరమును విడదీసి వ్రాయుదురు. చుక్క పెట్టిన హల్లు తనంతట తానొక గడి నాక్రమించును. తెలుగున రుక్మిణి మూడు గళ్ళు. తమిళమున రు, క్, మి, ణి అని నాలుగు. శకుంతల మనకు నాలుగు, వారికి ఐదు. ద్రౌపది మనకు మూడు, వారికి నాలుగు. బడిలో రెండు లిపులు నేర్చుచున్న పిల్లవాడు ‘రుక్మిణి’కి నాలుగు గళ్ళు కావలెనని పట్టుబట్టిన యెడల వానిని గద్దింపరాదు. తెలుగున అక్షరమనగా నేమో వానికి బోధించుటకు అంతకన్న మంచి సమయము దొరకదు.

ఇక గళ్ళు తమంతట తాము చేయు ఎంపికను చూతము. ద్రౌపది మహాభారతమునకు నాయిక. ఆమె పేరు గళ్ళలో మాత్రము అరుదు. కారణము మొదటి అక్షరము. ‘ద్రౌ’ కల మాటలు వాడుకలో ఎన్ని? ఆమె కుమారులైన ద్రౌపదేయులు. ద్రోణపుత్రుడైన ద్రౌణి, అనగా అశ్వత్థామ. అంతకు మించి దొరకుట కష్టము. నిద్రించుచున్న ఆ ద్రౌపదేయులను చంపినవాడు ఈ ద్రౌణియే! పట్టి తెచ్చి ముందు నిలిపినపుడు అతనిని విడిచిపెట్టుమని భాగవతమున ఆ తల్లియే వేడినది. భాష తన అక్షరములలో ఈ కథను ఇట్లు ముడివేసియుంచినది. ద్రౌపది పేరు మొదటిగడిలో ఖండింపవలెనన్న ఆమె పుత్రులైన రావలెను, పుత్రఘాతియైన రావలెను. రుక్మిణి సంగతియు ఇట్టిదే. ‘క్మి’ గల ఇంకొక మాటకై ఎంత వెదకినను తేలునది రుక్మి యొక్కడే. చెల్లెలి ఇష్టమును కాదని శిశుపాలున కిచ్చుటకు నిశ్చయించిన యన్న! ఇట్టి కూడికలను చూచి కూర్పరి సంతోషింపవలెను. కాని పలువురు ఆ గడిని ఖండింపకయే వదలివేయుదురు, లేదా పేరునే మార్చి వైదర్భి యందురు.

ద్రౌపదికి బదులు పాంచాలి యని వ్రాయుట నేడు పరిపాటి. ‘పాం’ గడిలో పాండవులు సుఖముగా ఇముడుదురు. యాజ్ఞసేని యన్నను చిక్కు లేదు. ‘జ్ఞ’కు యజ్ఞము, ఆజ్ఞ యున్నవి. అయితే ఈ మాటలు సమానార్థకములని పిల్లలు పట్టీలుగా కంఠస్థము చేయుట నాకు నచ్చదు. పాంచాలి తండ్రి దేశమును చెప్పును. ద్రౌపది, యాజ్ఞసేని తండ్రి పేర్లను చెప్పును. ఆమె సొంత పేరు, మేనిచాయను బట్టి వచ్చినది, కృష్ణ యొక్కటే. సభలో ఆమె అడిగిన ప్రశ్న తండ్రిని గూర్చినది కాదు. తన్నోడి నన్నోడెనా, నన్నోడి తన్నోడెనా యని ధర్మమును నిలదీసిన స్త్రీకి ‘ద్రుపదుని కుమార్తె’ అను ఆధారము ఎంత పలుచన!

ఆధారముల విషయమున నా ఫిర్యాదు ఇదియే. గళ్ళలో నాయికలకు వ్రాయు ఆధారములలో పెక్కు బంధుత్వములు: నలుని భార్య, దుష్యంతుని భార్య, భరతుని తల్లి, అర్జునుని ఇల్లాలు. ఇవి తప్పులు కావు. కాని భార్య యనగానే పని ముగియుచున్నది. పూరించువాడు కావ్యమువైపు తల త్రిప్పనక్కరలేదు. దమయంతినే తీసికొందము. నన్నయ అరణ్యపర్వమున నలోపాఖ్యానము చదివినవారికి ఆమె స్వయముగా ప్రహేళికలు కూర్చినదని తెలియును. భర్త యెక్కడ నున్నాడో తెలియనపుడు, అతడు మాత్రమే గ్రహింపగల మాటలను బ్రాహ్మణులకు నేర్పి దేశదేశముల సభలలో పలుకుమని పంపినది. పర్ణాదుడు బాహుకుని జవాబు తెచ్చెను. అది చాలలేదు. రెండవ స్వయంవరమని ఋతుపర్ణునకు మాత్రమే వార్త పంపి, ఒక్క పగటిలో అయోధ్యనుండి రథము నడపగలవాడెవడో చూచినది. రథధ్వని విన్నది, కేశినిని పంపి బాహుకుని చర్యలు కనిపెట్టించినది, అతడు వండిన వంటకమును తెప్పించి రుచి చూచినది. ఒక్కొక్కటి ఒక్కొక్క ఆధారము. అన్నియు కలిసినపుడు గాని ఆమె సమాధానమును నమ్మలేదు. ఇంతటి ప్రహేళికాకర్త్రిని నాలుగు గళ్ళలో కూర్చుండబెట్టి ‘నలుని భార్య’ యనుట అన్యాయము. ‘రుచి చూచి మగని గుర్తించినది’ యనిన ఎంత బాగుండును!

శ్రీనాథుని శృంగారనైషధమున ఆమెకు పెళ్ళికి ముందే ఒక పరీక్ష. శ్రీహర్షుడు తన కావ్యపు పదుమూడవ సర్గమున కల్పించిన పంచనలీ ఘట్టమది. నలుగురు దేవతలు నలుని రూపము దాల్చి కూర్చుండగా, సరస్వతి ఒక్కొక్కరిని వర్ణించు మాటలు ఆ దేవతకును నలునికిని సరిపడునట్లు శ్లేషతో నుండును. నేటి గళ్ళవారు ‘గూఢాధారము’ అనుకొనునది ఇదియే గదా! ఒక మాటలో రెండర్థములు. పై అర్థము ఒకచోటికి, లోయర్థము ఇంకొకచోటికి. తెలుగున శ్లేష ఒక యుగమున రాజసభలను ఏలినది. పింగళి సూరన రాఘవపాండవీయమును నడిపినది ఆ శక్తియే. అట్టి భాషలో గూఢాధారములు వ్రాయువారికి సామగ్రి కొరవడదు, కొరవడునది ఓపిక.

ఇపుడు వరూధినిని పక్కన నిలుపుడు. ఈమెయు నాలుగు గళ్ళే. పెద్దన మనుచరిత్రమున ఈమెకును ఎదురైనది అదే సమస్య: ఒకే రూపమున ఇద్దరు. ప్రవరుడు తిరస్కరించి వెడలిపోయిన పిదప గంధర్వుడు ఆ రూపముతో వచ్చెను, ఈమె గుర్తింపలేకపోయెను. దమయంతి ఐదుగురిలో ఒకనిని తెలిసికొన్నది. వరూధిని వచ్చినవాడే వాడనుకొన్నది. ప్రేమ తీవ్రతలో వరూధిని తక్కువది కాదు. అయితే దమయంతి చూపు ఎదుటివాని గుణములపై నున్నది. వరూధిని చూపు తన కోరికపై నున్నది. ఈ రెండు పేర్లు గళ్ళలో ఎన్నిమారులు వచ్చినను, ఈ రెంటిని ఒకదానినొకటి తలపించు ఆధారము నా కంట పడలేదు. ‘హిమగిరిపై ప్రవరుని మోహించినది’ అను పాతబాటలోనే వరూధిని నడచుచున్నది.

మాటల తలలు తోకలు నరకు చమత్కారములు వేరొక శాఖ. ‘తల లేని ద్రౌపది’ యనగా ‘పది’ యగును. హాస్యమే గాని వస్త్రాపహరణము చదివినవాడు నవ్వుటకు కొంత సంకోచించును. శకుంతల విషయమున మాత్రము నిజమైన చమత్కార మున్నది. ఆమె పేరున తల తుదిని ఉన్నది! ‘తల తీసిన శకుంతల’ యనినపుడు మొదటి యక్షరము తీసి ‘కుంతల’ మిగుల్చవలెనా, చివరి రెండు తీసి ‘శకుం’ అని నిలుపవలెనా? కుంతలమనగా తలవెంట్రుక. తల పోయినను వెంట్రుకలు మిగిలినవన్నమాట. ఇట్టి ఆటలో భాషకు హాని లేదు. పిల్లవానికి పదచ్ఛేదము అలవడును.

దక్షిణాంధ్ర కావ్యముల నాయికలకు గళ్ళలో చాల తక్కువ చోటు దక్కినది. తంజావూరు రఘునాథనాయకుని ఆస్థానమున చేమకూర వెంకటకవి వ్రాసిన విజయవిలాసమున నాయికలు ముగ్గురు: ఉలూచి, చిత్రాంగద, సుభద్ర. సుభద్ర తరచుగా వచ్చును. చిత్రాంగదకు ‘త్రాం’ అడ్డు. మంత్రాంగము, యంత్రాంగము తెలిసినవానికి అదియు అడ్డు కాదు. ఉలూచి యని వ్రాసిన వెంటనే, సంస్కృతము చదివినవారు ఉలూపి కదా యని తగవునకు వత్తురు. వెంకటకవి పేరు ఆధారమున నున్నపుడు ఉలూచియే సరి. తంజావూరి ప్రతాపసింహుని కాలపు ముద్దుపళని రాధికాసాంత్వనమున రాధతో పాటు ఇళ యున్నది. రెండు గళ్ళ పేరు, అచ్చుతో మొదలు, ఎక్కడనైనను ఒదుగును. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పునర్ముద్రింపగా ఆ కావ్యము ప్రభుత్వ నిషేధమునకు గురియై, ఏండ్ల తరువాత బయటపడినది. అరవదేశమున మరాఠా రాచరికపు కొలువులో ఒక స్త్రీ తెలుగున వ్రాసిన కావ్యపు పాత్ర పేరు ఇక్కడి తెలుగు పిల్లలకు తెలియకుండుట నాకు బాధ. ఇళ యనగా భూమి యని మాత్రమే ఆధారము వ్రాయుట ఇకనైనను మానవచ్చును.

ఆధునిక సాహిత్యమునుండి మధురవాణియే అందరికన్న అదృష్టవంతురాలు. ఐదు గళ్ళు, అన్నియు తేలిక అక్షరములు. ‘ణి’కి రాణి, ప్రాణి, త్రివేణి సిద్ధముగ నున్నవి. అయినను ‘గిరీశం ఉంచుకొన్న వేశ్య’ యను ఆధారము కన్యాశుల్కమునకే అపచారము. 1909 నాటి రెండవ కూర్పు తుది భాగమున పురుషవేషము ధరించి వకీలు ఇంటికి పోయి చిక్కుముడి విప్పినది ఆమెయే. నాటకమంతటికి కారణమైన సుబ్బి రెండు గళ్ళ పిల్ల. ఆమెను ఎవరును అడుగరు. గిరిక యను పేరు రెండు కావ్యలోకములది: రామరాజభూషణుని వసుచరిత్రమున కోలాహల పర్వతమునకును శుక్తిమతీ నదికిని పుట్టిన కన్య, విశ్వనాథవారి వేయిపడగలలో వేణుగోపాలస్వామి యెదుట ఆడు నర్తకి. రెంటిని ఒక్క ఆధారమున చెప్పగలిగిన కూర్పరికి నమస్కరింతును. నండూరివారి ఎంకిని కొందరు ‘యెంకి’ యని వ్రాయుదురు. రెండు గళ్ళే గనుక తగవు మొదటి గడితో ముగియును.

తరగతిలో పిల్లలచేత గళ్ళను పూరింపించుట కన్న కూర్పించుట మేలని నా అభిప్రాయము. ఒక నియమము చాలును: నాయిక పేరునకు ఆధారము వ్రాయునపుడు భార్య, కుమార్తె, తల్లి అను మాటలు వాడరాదు, ఆమె చేసిన పని యొకటి చెప్పవలెను. ఆ నియమము పెట్టిన వెంటనే పిల్లవాడు కథ అడుగును. ప్రభావతి యేమి చేసినది, ఆమె చెలికత్తె వలె తిరిగిన హంసి శుచిముఖి యేమి చేసినది యని అడుగును. శుచిముఖి తుది గడిలో ‘సఖి’ ఖండించుట వాడే కనుగొనును. ఉపాధ్యాయునకు ఆ కథ తెలిసియుండవలెను. అది వేరు విషయము.

కూర్పునకు పూనుకొను పాఠకుల కొక చిన్న పని విడుచుచున్నాను. సూరన కళాపూర్ణోదయమున ఒకామెకు ఒక జన్మమున ఐదు గళ్ళ పేరు, మరుజన్మమున ఆరు గళ్ళ పేరు. రెండు పేర్లకును ఉమ్మడి అక్షరము ఒక్కటియే గలదు. ఐదు గళ్ళ పేరును అడ్డముగా వ్రాసి, ఆరు గళ్ళ పేరును దానిమీదుగా నిలువుగా దింపుడు.